బతికున్నవి కావాలి

ఆ చీటీ మీది అక్షరాలు చూడగానే కార్డులక్క చేతిలో కుంచె ఆగిపోయింది.

చీటీ తెచ్చింది ఆఫీసరమ్మ. "టమాటా రైతు, రెండెకరాలు. వచ్చే శుక్రవారం జీపు అటే పోతుంది. ఈలోగా కార్డులు సిద్ధం చెయ్యి" అని దాన్ని బల్ల మీద పడేసి, ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది. ఆ గదిలో ఎవరూ నిమిషానికి మించి నిలబడరు. నిలబడితే తుమ్ములు పట్టుకుంటాయి. పదహారేళ్ళుగా అందులో నిలబడ్డ మనిషి కార్డులక్క ఒక్కతే. తుమ్ములు ఆమెకి ఎప్పుడో పోయాయి. వాటి బదులు దగ్గు వచ్చింది, అది మాత్రం పోలేదు.

అది పురుగుల్ని పెంచే గది. అవును, పెంచే గదే. పురుగుని చంపడానికి ఇంకో పురుగుని పెంచుతారని మొదటిసారి విన్నవాళ్ళంతా నవ్వుతారు. ఉద్యోగంలో చేరిన రోజున కార్డులక్క కూడా నవ్వింది. గోడల వెంట చెక్కపెట్టెలు, పెట్టెల నిండా నూక, నూకలో పురుగులు. అవి పెరిగి, బూడిదరంగు రెక్కలు తొడుక్కుని పైకి లేచాక, గాజుగొట్టంతో ఒక్కొక్కదాన్నీ పట్టి, అడుగున జల్లెడ ఉన్న డబ్బాలో వేస్తుంది. తెల్లారేసరికి జల్లెడ కింద గుడ్లు రాలి ఉంటాయి. గసగసాల కన్నా సన్నం. రెక్కల పొడి ఎగరగొట్టి, ఆ గుడ్లని కుంచెతో కూడదీసి, జిగురు రాసిన అట్ట మీద టీ వడకట్టే జల్లెడతో చల్లుతుంది. ఆ అట్టే కార్డు. దాన్ని గాజుజాడీలో ఈగలకి అప్పగిస్తే, ఒక్కో గుడ్డులో ఒక్కో ఈగ తన గుడ్డు పెడుతుంది. వీటిని చిన్నీగలంటారు. ఈగ పేరే గాని కలంతో పెట్టిన చుక్కంత కూడా ఉండదు. నాలుగో రోజుకి కార్డు మీది గుడ్లు నల్లబడతాయి. ఎనిమిదో రోజుకి కొత్త ఈగ గుడ్డుకి కన్నం చేసుకుని బయటపడుతుంది. ఆలోపే కార్డుని ముక్కలు చేసి చేలో ఆకుల అడుగున గుచ్చేస్తే, పుట్టిన ఈగలు పంట మీది పురుగు గుడ్లని వెతుక్కుంటూ పోతాయి. వాటిలో తమ గుడ్లు పెడతాయి. పురుగు పుట్టకముందే దాని కథ కంచికి చేరుతుంది. మందు లేదు, మాకు లేదు.

"తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, అంతేగా అక్కా" అంటాడు జీపు డ్రైవరు. ఆఫీసరమ్మ రైతులకి గంటసేపు చెప్పేది కూడా అంతే.

కార్డులక్క చీటీ చేతిలోకి తీసుకుంది. ప్రతి అక్షరమూ కాగితం చిరిగేలా నొక్కి రాసి ఉంది. ఇలా నొక్కి రాసే మనిషి ఆమెకి తెలిసి లోకంలో ఒక్కడే. పలక మీద ఆమె చెయ్యి పట్టుకుని దిద్దించింది కూడా ఆ చెయ్యే. దిద్దిస్తే బలపాలు విరిగిపోయేవి.

"టమాటా రెండెకరాలు. పూత మొదలైంది. మందుకి పురుగు చావడం లేదు, కొట్టే మనిషి పడిపోతున్నాడు. కార్డులు కావాలి. దీంతో పిన్ను పెట్టింది మీ ఆఫీసు కార్డే. ఆరేళ్ళ కిందటిది. ఇలాంటివి వద్దు. బతికున్నవి కావాలి."

చీటీ వెనక నిజంగానే ఒక కార్డుముక్క ఉంది. అంచులు పసుపెక్కి, మూల మీద తుప్పు మరకతో.

ఆరేళ్ళలో అన్న దగ్గర్నుంచి వచ్చిన మొదటి మాట అది. అదైనా ఆమెకి రాసింది కాదు, ఆఫీసుకి రాసింది. ముందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోసారి చదివేసరికి ఒళ్ళు మండింది.

"బతికున్నవి కావాలట!" అంది పైకే, గదిలో పురుగులు తప్ప వినేవాళ్ళు లేకపోయినా. "బతికున్నవాటి మీద మందు కొట్టి చంపుకున్నదెవరు? నేనా?"

ఇదే మాట ఆరేళ్ళుగా చెబుతోంది. తోడబుట్టింది కదా అని కార్డులు తీసుకెళ్ళి చేతికిచ్చి, పది రోజులు మందు కొట్టకురా దేవుడా అని బతిమాలి వస్తే, వెనకాలే కొట్టేశాడు. ఆ వారంలోనే అటు నుంచి వచ్చిన చుట్టమొకాయన, "మీ అన్న చేను పక్కగా వచ్చాను, గుప్పున మందు వాసన" అన్నాడు. ఇంకేం కావాలి? పంట పురుగుపాలైంది. చచ్చిన కార్డులిచ్చావని అన్న ఒకే ఒక్కసారి ఫోనులో అన్నాడు. మందు కొట్టి నా మీద తోస్తావా అని ఈమె నలుగురికీ చెప్పింది. అంతే, రాకపోకలు తెగిపోయాయి.

సరే, కార్డు తనే నడుచుకుంటూ చేతికొచ్చింది కదా. సాక్ష్యం ఇంతకన్నా ఏముంది? ఈగలు పుట్టాకే మందుకి చచ్చాయన్నది ఆమె వాదన. పుట్టి ఉంటే గుడ్డు గుడ్డుకీ కన్నం ఉండాలి. ఆ కన్నాలు ఆఫీసరమ్మకి చూపించి, అదే చీటీ వెనక రాసి పంపాలనుకుంది. ఏమని రాయాలో కూడా మనసులో అల్లుకుంటూనే సొరుగులోంచి భూతద్దం తీసి కిటికీ దగ్గరికి నడిచింది.

చూసింది. భూతద్దాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

కన్నాల్లేవు. ఒక్కటీ లేదు. గుడ్లన్నీ నల్లగా, గుండ్రంగా, మూతలు పెట్టినట్టే ఉన్నాయి. సూది తీసుకుని ఒక గుడ్డుని పగలగొట్టింది. లోపల ఈగ ఉంది. కాళ్ళు ముడుచుకుని, రెక్కలు మడుచుకుని, ఎండిపోయి ఉంది. తలుపు తియ్యడమొక్కటే తక్కువ.

మందు ఈగని చంపిందంటే నమ్మొచ్చు. ఆకు అడుగున గుచ్చిన కార్డు మీద ఒక్కటంటే ఒక్కటి కూడా పుట్టకుండా పోవడమేమిటి? ఆమె కార్డుని తిరగేసింది. వెనక తేదీ ఉంది, గుడ్లు చల్లిన తేదీ. రాత ఆమెదే.

అన్నకి కార్డులిచ్చిన రోజు ఆమె మర్చిపోయేది కాదు. ఆవేళ మేనకోడలి పుట్టినరోజు. సంచిలో నీలం గౌను, దాని పక్కన తడిగుడ్డలో చుట్టిన కార్డులు. వేళ్ళ మీద లెక్కపెట్టింది. చేతివేళ్ళు అయిపోయాయి, మళ్ళీ మొదలుపెట్టింది. ముప్పై ఆరు రోజులు.

గది మూలన ఫ్రిజ్జు ఉంది. తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటించిన కాగితం: ఇరవై రోజులు దాటిన కార్డులు ఎవరికీ ఇవ్వరాదు, పారవేయవలెను. నల్లబడ్డ కార్డుని చల్లగా పెడితే లోపలి ఈగ పెరగడం ఆగి నిద్రపోతుంది. ఇరవై రోజుల దాకా ఆ నిద్ర నిద్రే. ఆపైన మెలకువ రాదు. ఆ కాగితం మీది రాత కూడా ఆమెదే.

ఆ ఏడాది సెలవు అడిగితే ఇన్‌స్పెక్షన్ ఉందన్నారు. మళ్ళీ అడిగితే మనిషి లేదన్నారు. "ఇవ్వక్కా, అటే పోతున్నా, నేనిచ్చేస్తా" అన్నాడు డ్రైవరు. ఈమె ఇవ్వలేదు. నా చేత్తో నేనే ఇవ్వాలి, మా అన్న మొహం నేనే చూడాలి అంది. అలా ఒక వారం ఫ్రిజ్జులో, ఇంకో వారం ఫ్రిజ్జులో. చివరికి ఒక పూట సెలవు దొరికితే, ఎంత సంబరంగా వెళ్ళిందో! తేదీ వంక చూడాలని కూడా తోచలేదు.

కార్డులక్క స్టూలు మీద కూలబడింది. దగ్గు తెర వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది.

సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో మొగుడికి చెప్పింది. ఆయనకి వీధి మలుపులో సైకిళ్ళు బాగుచేసే కొట్టు. గిన్నెడు నీళ్ళలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడ వస్తాయా అని చూస్తున్నవాడల్లా తలెత్తాడు.

"అంటే మీ అన్న మందు కొట్టలేదా?"

"ఏమో. కొట్టే ఉంటాడు. కొట్టినా కొట్టకపోయినా నేనిచ్చినవి చచ్చినవే."

"నీ మాట నమ్మి నేను మా వాళ్ళందరికీ చెప్పానే! మా మేనత్తకి చెప్పాను. మా మేనత్తకి చెబితే మైకులో చెప్పినట్టే."

"నాకు తెలుసు."

"కొట్టే ఉంటాడులే" అన్నాడు ఆయన ఆమె మొహం చూసి. "అంత పంట పోతుంటే చేతులు ముడుచుకుని ఎవరు కూర్చుంటారు? కొట్టే ఉంటాడు. ఒక ఫోను చెయ్యి."

"చేస్తే ఎత్తడు."

"ఎత్తినా ఏముంది, బావ మాటలు ఖర్చుపెట్టే రకమా? నువ్వు వస్తున్నానంటే 'ఏ బస్సుకి' అనడం, పెట్టెయ్యడం."

ఆ మాటకి ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నిజమే, అన్న అంతకుమించి ఏనాడూ మాట్లాడలేదు. ఏ బస్సుకి అని అడిగితే చాలు, ఆ బస్సు వచ్చేసరికి స్టాపులో సైకిలు పట్టుకుని నిలబడి ఉండేవాడు. గంట లేటైతే గంటా నిలబడేవాడు. సంచీ తీసుకుని హ్యాండిల్‌కి తగిలించి, "చిక్కావే పిట్టా" అనేవాడు. ఆమె ఎంత లావెక్కి వెళ్ళినా అదే మాట. లోకంలో ఆమెని పిట్ట అని పిలిచేది అతనొక్కడే. ఆరేళ్ళ నుంచి ఆ పిలుపు లేదు. అందరూ కార్డులక్కా అంటారు, ఆమె పలుకుతుంది.

"నేనే వెళ్తాను. శుక్రవారం జీపులో వెళ్తాను. ఎదురుగా నిలబడి చెబుతాను" అంది.

మర్నాడే పని మొదలైంది. కార్డులక్క ఎప్పుడూ ఒళ్ళు దాచుకోదు గాని, ఈసారి పని వేరు. అప్పటికప్పుడు రాలిన గుడ్లే తీసింది, నిన్నటివి ముట్టుకోలేదు. మూడుసార్లు జల్లించింది, ఒక్క రెక్కపొడి మిగలకుండా. నీలం దీపం కింద ముప్పావుగంట పెట్టింది. అలా పెడితే గుడ్డులోని పురుగు చచ్చి, గుడ్డు ఈగకి తిండిగా మిగులుతుంది. ఆ ముప్పావుగంటా గడియారం ఎదురుగానే కూర్చుంది. జిగురు ఎక్కువైతే గుడ్డు మునుగుతుంది, తక్కువైతే రాలుతుంది. వేలికొనతో తాకి చూసి, అంటీ అంటనట్టున్నప్పుడు చల్లింది. ఎనిమిది కార్డులు. జాడీ మూతికి గుడ్డ కట్టి, తేదీ రాసి, కిటికీ వెలుగుకి ఎదురుగా పెట్టింది. శనివారం చల్లినవి మళ్ళీ శనివారానికి పుడతాయి. శుక్రవారం చేలో గుచ్చితే సరిగ్గా సరిపోతుంది.

ఒక కార్డు చివర చిటికెన వేలంత ముక్క కత్తిరించి గాజుగొట్టంలో వేసింది. అది పద్ధతి. బయటికి పోయే ప్రతి కార్డుకీ ఒక ముక్క గదిలో మిగలాలి, పుట్టాయో లేదో ఇక్కడ కూడా తెలియాలని. ఆరేళ్ళ కిందట ఆ ముక్క తియ్యలేదు. అవి రిజిస్టరులో రాయని కార్డులు, అన్న కోసం దాచిన కార్డులు. అందుకే గదిలో ఏ సాక్ష్యమూ మిగల్లేదు.

మంగళవారానికి గుడ్లు నల్లబడ్డాయి. బుధవారం డ్రైవరు తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే కేకేశాడు.

"అక్కా, మీ అన్నగారి చేలో బుట్టలు చూసొచ్చాను. బుట్టకి ఎనిమిదేసి పడ్డాయి."

బుట్టలంటే మగపురుగులకి వేసే ఎర. ప్లాస్టిక్ గరాటులో ఒక రబ్బరు ముక్క, దానికి ఆడపురుగు వాసన. ఆ వాసనకి మగవి వచ్చి సంచిలో పడతాయి. వాటిని లెక్కపెడితే చేలో గుడ్లు పడుతున్నాయో లేదో తెలుస్తుంది.

"ఆడది లేదు, ఏమీ లేదు, ఒట్టి వాసనే" అన్నాడు డ్రైవరు. "దానికే ఎక్కడెక్కడి నుంచో పడుతూ లేస్తూ వచ్చేస్తారు. మగజాతి మీద జాలేస్తుందక్కా."

"మా అన్న ఉన్నాడా చేలో?"

"ఉన్నారు. పలకరించాను. తలూపారు."

"చిక్కాడా?"

డ్రైవరు ఆలోచించాడు. "కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మందు కొట్టి కొట్టి. చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. అంతకుమించి నాకేం తెలుసు, మునుపు ఎలా ఉండేవారో."

ఎనిమిదేసి పడ్డాయంటే గుడ్లు పడుతున్నట్టే. టమాటా పురుగు గుడ్డు మూడు రోజులే గుడ్డుగా ఉంటుంది. నాలుగో రోజు పురుగై కాయలోకి దూరుతుంది. దూరాక చిన్నీగ కాదు గదా, దాని తాత వచ్చినా చేసేదేమీ లేదు. గురువారం ఆఫీసరమ్మ గదికి వెళ్ళి, రేపు జీపులో నేను వస్తానని అడిగింది కార్డులక్క. పదహారేళ్ళలో జీపు ఎక్కుతానని అడగడం అదే మొదలు.

"నువ్వొస్తే ఇక్కడ పురుగులెవరు పడతారు?"

"అయిదింటికే వచ్చి పట్టేస్తాను మేడమ్."

ఆఫీసరమ్మ చెడ్డమనిషి కాదు, తొందరమనిషి. "సరే, చూద్దాం" అంది. ఆ చూద్దాంని కార్డులక్క రమ్మన్నట్టే తీసుకుంది.

శుక్రవారం అయిదింటికే వచ్చి పురుగులు పట్టేసింది. ఇంటికెళ్ళి తల రుద్దుకుని స్నానం చేసి వచ్చినా జుట్టులో రెక్కలపొడి మిగిలే ఉంది, దులుపుకుంది. కొత్తచీర కాదు గాని, ఉన్నవాటిలో మంచిది కట్టుకుంది. కార్డులు పలచటి తడిగుడ్డలో చుట్టి, గాలాడే బుట్టలో పెట్టి, జీపు దగ్గరికి వచ్చింది.

జీపులో ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. పై ఆఫీసు నుంచి వచ్చారట, ఒకాయన మెడలో కెమెరా. వెనక సీటులో ఎర బుట్టలు, బోర్డులు, బ్యానరు.

"అరె, నీకు చెప్పడం మర్చిపోయాను" అంది ఆఫీసరమ్మ. "ఇవాళ చోటు లేదు. ఒక పని చెయ్యి. మీ అన్న చేనేనటగా, డ్రైవరు చెప్పాడు. సోమవారం జీపు ఖాళీ. నువ్వొక్కదానివే వెళ్ళు, నీ చేత్తో నువ్వే గుచ్చిరా. ఇవాళ వీళ్ళకి వేరే చేను చూపిస్తాను. కార్డులు ఫ్రిజ్జులో పెట్టెయ్. మూడు రోజులకి వాటికేం కాదు, నీకు తెలియంది కాదుగా."

నిజమే, మూడు రోజులకి కార్డులకేం కాదు. ఆ మాట వినగానే కార్డులక్క గుండె లేచి కూర్చుంది. సోమవారం. జీపంతా ఆమెదే. అన్న చేలో, అన్న పక్కన, సాలు వెంట సాలు నడుస్తూ, తన చేత్తో తనే. బుట్ట పట్టుకుని వెనక్కి నడిచింది. గదిలోకి వెళ్ళి ఫ్రిజ్జు తలుపు తీసింది. చల్లటిగాలి మొహానికి తగిలింది. తలుపు మీది కాగితం కళ్ళెదుటే ఉంది.

అంత దగ్గరగా నిలబడి తన రాత తనే చదువుకుంది. కార్డులు ఆగుతాయి. సోమవారందాకా తనూ ఆగగలదు. బుధవారం బుట్టకి ఎనిమిదేసి పడ్డాయి, ఆ పురుగుల గుడ్లు ఆగవు. సోమవారం ఆమె మంచిచీర కట్టుకుని దిగేసరికి అవి కాయల్లో ఉంటాయి.

ఫ్రిజ్జు తలుపు మూసి, దాదాపు పరుగెత్తుకుంటూ బయటికి వచ్చింది. జీపు గేటు దగ్గరికి వెళ్ళిపోయింది. "ఆపండి!" అని కేకేస్తే దగ్గొచ్చింది.

"ఇవాళే తీసుకెళ్ళండి మేడమ్. ఇవాళే గుచ్చాలి" అని బుట్ట డ్రైవరు ఒళ్ళో పెట్టింది. "ఎండ తగలనీకు. అద్దం దగ్గర పెట్టకు. ఆకు పైన కాదు, అడుగున గుచ్చాలి. కాండానికి చీమలుంటే ఆ మొక్కకి వద్దు, పక్కదానికి గుచ్చు."

"తెలుసక్కా."

"తెలుసని తెలుసు. అయినా చెబుతున్నా."

జీపు వెళ్ళిపోయింది. కార్డులక్క మంచిచీర మీదే పాత కోటు వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, గాజుగొట్టం అందుకుంది. పొద్దున పట్టగా మిగిలినవి ఇంకా ఎగురుతున్నాయి. ఏడుపు రాలేదు గాని, ఒకే పురుగు మూడుసార్లు తప్పించుకుపోయింది.

పదింటికి ఫోను మోగింది. డ్రైవరే. వెనక గాలి, ఎవరో గట్టిగా మాట్లాడుతున్న చప్పుడు.

"అక్కా, కొంప మునిగింది. మీ అన్నగారు చేలో అడుగు పెట్టనివ్వడం లేదు."

"ఏమంటాడు?"

"బతికున్నాయని పూచీ ఎవరంటున్నారు. మేడమ్ చెప్పింది, పెద్దమనుషులు చెప్పారు. పోయినసారి ఇచ్చినావిడా ఇలాగే చెప్పిందంటున్నారు. మందు కలిపి గట్టు మీద రెడీగా పెట్టుకున్నారక్కా. తేల్చకపోతే ఇప్పుడే కొట్టేస్తారట."

ఈగలు పుట్టేది రేపు. ఇవాళ కొడితే విషంలోకి పుడతాయి.

"స్పీకరు పెట్టి ఆయనకి దగ్గరగా పట్టుకో" అంది.

ఏం మాట్లాడాలో ఆ వారమంతా అనుకుంటూనే ఉంది. తీరా నోరు తెరిస్తే దగ్గు తెర కమ్ముకొచ్చింది. ఒక్క మాట కూడా రాకుండా వంగిపోయి దగ్గింది. ఆ చివర మాటలు ఆగిపోయాయి. గాలి చప్పుడొక్కటే మిగిలింది.

"ఇంకా తగ్గలేదా ఆ దగ్గు?" అంది ఒక గొంతు.

ఆరేళ్ళ తరవాత ఆ గొంతు. కార్డులక్క పెట్టె అంచు పట్టుకుంది.

"అన్నా, పూచీ నాది."

"పోయినసారీ నీదే."

"పోయినసారి తప్పు కూడా నాదే. నువ్వు పంపిన కార్డు చూశాను. అవి చచ్చినవే. ముప్పై ఆరు రోజుల కిందట చల్లినవి, ఫ్రిజ్జులో దాచి ఉంచాను. ఇరవై దాటితే పనికిరావు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ రూలు రాసిందే నేను. నా చేత్తో నేనే నీకివ్వాలని దాచిపెట్టుకున్నాను. రిజిస్టరులో కూడా రాయలేదు."

అక్కడ ఆఫీసరమ్మ ఉందనీ, పై ఆఫీసు పెద్దమనుషులున్నారనీ ఆమెకి తెలుసు. తెలిసే, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.



"మరి నేను మందు కొట్టానని చెప్పుకున్నావు" అన్నాడు.

"చెప్పుకున్నాను."

"అందరికీ."

"అందరికీ చెప్పాను. పక్కగా వచ్చినవాళ్ళు వాసనొచ్చిందంటే..."

"పక్క చేనువాడు కొట్టాడు. వాడిది వాసన రాదా? నేను కొట్టలేదే. కొట్టొద్దని నువ్వన్నావు, కొట్టలేదు. మీ వదిన నెత్తీ నోరూ కొట్టుకుంది. పిట్ట చెప్పింది, పది రోజులు ఆగు అన్నాను. పది అయ్యాక ఇంకో నాలుగు రోజులు ఆగాను. కాయ కాయకీ పురుగు దూరుతుంటే గట్టు మీద కూర్చుని చూశాను. నువ్వు ఒక్కసారైనా అడిగావా, కొట్టావా అన్నా అని? అడగలేదు. ఊరంతా చెప్పావు."

ఏమనుకుంది తను! కార్డులు చచ్చినవైతే అయ్యాయి, మందు మాత్రం కొట్టే ఉంటాడు, తప్పు చెరిసగం అనుకుని ఈ వారమంతా ఆ సగాన్ని పట్టుకుని బతికింది. ఆ సగం కూడా ఆమెదే.

"లేదన్నా, అడగలేదు" అంది. "అడగాల్సింది."

"ఈసారి నీ చేత్తో ఇవ్వాలనిపించలేదా? రాలేదేం?"

"జీపులో చోటు లేదు. సోమవారం రమ్మన్నారు. సోమవారందాకా నీ చేలో గుడ్లు ఆగవుగా. అందుకని వాటినే పంపాను."

ఫోనులో గాలి హోరెత్తింది. ఫోను కట్ అయిందేమో అనుకుంది. అప్పుడు అన్న గొంతు, కాస్త దూరంగా, ఆమెతో కాదు, డ్రైవరుతో. "ఏదీ, ఎలా గుచ్చాలి? ఆకు పైనా, అడుగునా?"

స్టేప్లరు టక్కుమంది. ఆకులు తోసుకుంటూ నడుస్తున్న చప్పుడు. మళ్ళీ టక్. మూడోది వినపడేసరికి ఫోను ఆగిపోయింది.

సాయంత్రం జీపు వచ్చాక ఆఫీసరమ్మ గదిలోకి వచ్చి, ఎన్నడూ లేనిది, అయిదు నిమిషాలు నిలబడింది. రెండుసార్లు తుమ్మింది. "ముప్పై ఆరు రోజులా!" అంది. ఆ తరవాత, "సోమవారం నాకు సంజాయిషీ రాసివ్వాలి. పెద్దమనుషులు విన్నారు కాబట్టి తప్పదు" అంది. కార్డులక్క తలూపింది. తలుపు దాకా వెళ్ళి ఆఫీసరమ్మ వెనక్కి తిరిగింది. "మొత్తం ఆయనే గుచ్చాడు. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు."

శనివారం పొద్దున కార్డులక్క అందరికన్నా ముందు వచ్చింది. దీపం కూడా వెయ్యకుండా కిటికీ తెరిచి, గాజుగొట్టం వెలుగులోకి ఎత్తింది. కార్డుముక్క మీద నల్లటి గుడ్లు. ఏ కదలికా లేదు. భూతద్దం పెట్టి అలాగే చూస్తూ నిలబడింది. చెయ్యి లాగింది, మార్చుకుంది. ఎండ కిటికీ చువ్వల మీదికి వచ్చాక, గాజుకి అంటుకున్న ధూళిలో ఒక చుక్క నడిచింది. దాని వెనక ఇంకోటి. కాసేపటికి గొట్టం పైభాగమంతా చుక్కలే, వెలుగు వైపుకి ఎగబాకుతూ. గుడ్లకి కన్నాలు పడ్డాయి. అక్కడా ఇలాగే పడుతుండాలి. పడుతున్నాయో లేదో! తడిగుడ్డ ఆరిపోయిందేమో, డ్రైవరు ఎండలో పెట్టాడేమో, అసలు ఆ మందు డబ్బా ఏమైందో. ఫోను చేతిలోకి తీసుకుని, అన్న పేరు దాకా వెళ్ళి, పక్కన పెట్టింది. ఏ మొహంతో అడుగుతుంది?

అంతలో ఆ ఫోనే మోగింది. తెర మీద అన్న.

"ఏమే, ఏవీ?" అన్నాడు.

"ఏవి?"

"నీ ఈగలు. ఇంత ఎండెక్కింది, నాకేం కనపడట్లేదు."

"కార్డుముక్క తీసి తెల్లకాగితం మీద పెట్టన్నా. మెల్లగా. ఊపిరి గట్టిగా వదలకు, ఎగిరిపోతాయి."

కాగితం చప్పుడు. వదిన గొంతు ఏదో అడిగింది. "ఉండవే, మాట్లాడకు" అన్నాడు అన్న. కార్డులక్క కూడా ఊపిరి బిగబట్టింది, అక్కడి ఈగలు ఇక్కడి ఊపిరికి ఎగిరిపోతాయన్నట్టు.

"ఇసక రేణువులు" అన్నాడు. "ఇసకే ఇది."

"చూస్తూ ఉండు."

"ఇసకే... ఓసినీ! నడుస్తోందే! ఇదిగో ఇది నడుస్తోంది. ఇటు చూడవే, ఇంకోటి. బతికే ఉన్నాయి!"

కార్డులక్క మొహానికి కట్టుకున్న గుడ్డ తడిసిపోయింది. తీసేసింది. రెక్కల పొడి ఘాటుగా ముక్కుకి తగిలింది. దగ్గు రాబోతే మింగేసింది.

"నా కళ్ళు మునుపట్లా లేవే పిట్టా" అన్నాడు అన్న, గొంతు తగ్గించి. "కళ్ళు చిట్లించి చూస్తున్నాను. సరిగ్గా ఆనట్లేదు."

"నా దగ్గర భూతద్దం ఉంది" అంది ఆమె. "రేపు ఆదివారమే. తెస్తాను."

అటువైపు అన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏ బస్సుకి?" అన్నాడు.